మా టీచరమ్మ కుట్టిన చాప

మా ఊరి గుళ్ళో రెండు ఈత చాపలుండె. గుడి అంటే పెద్దదేం కాదు, మట్టి గోడలు, పైన గూన పెంకలు, ముందట గోడకు ఒక చెక్క సిలువ, అంతే. గంట గూడ లేకుండె. డోర్నకల్ జంక్షన్ దగ్గరనే గదా, ఎవరు తెచ్చిన్రో ఏమో రైలు పట్టా ముక్క ఒకటి యాపచెట్టుకు ఇనుప తీగతోని వేలాడదీసి ఉంటుండె, ఆదివారం పొద్దున దాన్ని కడ్డీతోని కొడితే పొలాల దాక వినపడుతుండె. 2016 నుంచి అది మహబూబాబాద్ జిల్లా, అప్పుడైతే మాది వరంగల్ జిల్లానే. నేను చెప్పేది 1986, 87 సంగతి, నాకు పది పదకొండేండ్లు ఉంటయి.

ఆ రెండు చాపల నడుమ మూరెడు జాగ ఉంటుండె. కుడి దిక్కు చాప మీద మా పై వాడోళ్ళు, ఎడమ దిక్కు చాప మీద కింది వాడోళ్ళు. ఇద్దరికీ ఒకటే దేవుడు, ఒకటే పాటల పుస్తకం, ఊరోళ్ళు ఈ రెండు వాడలనూ తమ బాయి దగ్గరికి రానియ్యకపోతుండ్రి, అయినా సరే మా వాడోళ్ళు కింది వాడోళ్ళ ఇంట్ల నీళ్ళు ముట్టకపోతుండ్రి. ఇది రాయాలంటే నాకు ఇప్పటికీ సిగ్గుగనే ఉంటది, కాని ఇది చెప్పకపోతే టీచరమ్మ ఏం చేసిందో ఎవరికీ అర్థం కాదు. చిన్నప్పుడు మాకు అది తప్పు అని గూడ తోచలే, ఎండకాలం ఎండ కొట్టినట్టు, వానకాలం వాన పడ్డట్టు, ఆ చాప వాళ్ళది ఈ చాప మనది అనుకున్నం.

టీచరమ్మ అంటే సర్కారు బడి టీచరు కాదు, ఆదివార బడి టీచరు. అంతకుముందు నిజామాబాద్ దగ్గరి డిచ్‌పల్లి కుష్టు దవాఖానల నర్సమ్మగ చాన్నాళ్ళు చేసింది. భర్త మా ఊరికి ఉపదేశిగ వచ్చి ఇక్కడనే చనిపోయిండు, ఆయన పోయినంక ఆమెను ఎటన్న పొమ్మని ఎవరూ అనలే, ఆమె గూడ పోలే. తెల్ల నూలు చీర, చేతికి మగవాళ్ళ గడియారం, భుజానికి ఒక బట్ట సంచి. పాస్టరయ్యకు మా ఊరితోని కలిపి ఏడెనిమిది ఊర్లు ఉండె, నెలకొక్కసారి వచ్చి ప్రభు భోజనం ఇచ్చి పోతుండె, కాబట్టి మా పిల్లల మంచి చెడ్డ అంతా టీచరమ్మదే.

వేరే ఊర్లల్ల వాక్యం కంఠతం చెప్పిన పిల్లలకు రంగు బొమ్మల కార్డులు ఇస్తుండ్రి, మా మేనత్త కొడుకు దగ్గర ఒక డబ్బానిండ ఉండె. మా టీచరమ్మ మాత్రం చీపురు ఇస్తుండె. నిజంగనే. అందరికంటె మంచిగ ఒప్పజెప్పినోడు ఆ వారం గుడి ఊడ్వాలె, ముందట సాన్పి చల్లాలె, చేదబాయి నుంచి నీళ్ళు తెచ్చి కుండ నింపాలె, తప్పులు చెప్పినోళ్ళు ఊకె కూసోవచ్చు. నాకు వాక్యాలు తొందరగ వస్తుండె కాబట్టి చీపురు మస్తుసార్లు నాకే వచ్చింది. బాగ చెప్తే శిక్షనా టీచరమ్మా అని ఒకరోజు అడిగిన. "మీ బడిల ఫస్ట్ వచ్చినోడు ముందు బెంచీల కూసుంటడు, యేసయ్య బడిల ఫస్ట్ వచ్చినోనికి తువ్వాల ఇస్తరు బిడ్డా" అన్నది. తువ్వాల ఏందో నాకు అప్పుడు తెల్వలే.

ఆమెకు ఇష్టమైన కథ ఒకటి ఉండె, యాకోబు యోహాను అన్నదమ్ములిద్దరు యేసయ్య దగ్గరికొచ్చి నీ మహిమల మమ్ములను ఒకరిని కుడి పక్కన ఒకరిని ఎడమ పక్కన కూసోబెట్టు అని అడిగినరు గదా, అది విని మిగతా పదిమందికి కోపం వచ్చింది గదా, ఆ కథ. ఏడాదికి నాలుగైదుసార్లు చెప్తుండె. చెప్పినప్పుడల్ల ఆ రెండు చాపల నడుమ మూరెడు జాగల నిలబడి చెప్తుండె. కుడి పక్కన, ఎడమ పక్కన అని చెయ్యి చూపెడుతుండె. పెద్దోళ్ళకు అర్థమైందో లేదో గాని ఎవరూ ఏం అనకపోతుండ్రి.

పిడికెడు బియ్యం సంగతి మా దిక్కు గుళ్ళకు పోయినోళ్ళకు తెలిసే ఉంటది. అమ్మలు అన్నం వండేముందు ఎసట్ల పోసే బియ్యం నుంచి ఒక పిడికెడు తీసి వేరే కుండల వేసి ఆదివారం గుడికి తెస్తుండ్రి. డోర్నకల్ బిషప్ కిందుండే అధ్యక్ష మండలంల గుళ్ళు నిలబడ్డది పైసల మీద కాదు, ఈ పిడికిళ్ళ మీదనే అని నాకు ఇప్పటికీ అనిపిస్తది, ఎందుకంటే కైకిలికి పోయి బతికెటోళ్ళ దగ్గర పైసలు ఎక్కడియి. అయితే టీచరమ్మ మమ్ములను ఒక ప్రశ్న అడిగింది. "ఇది మీ అమ్మ పిడికిలి. నీ పిడికిలి ఏది?" అమ్మ చేతిల పెట్టిన పావలా తెచ్చి పళ్ళెంల వేస్తే అది అమ్మ కానుకనే అయితది, నువ్వు మోసుకొచ్చినవు అంతే అన్నది. బీద విధవరాలు రెండు కాసులు వేసిన కథ చెప్పి, ఆమె ఎవరి దగ్గర అడుక్కొచ్చి వేయలే, తన బతుకుకు ఉన్నది వేసింది అన్నది. అట్ల మాకు ఒక పాత డాల్డా డబ్బా పెట్టింది. శనివారం రాత్రి మా కంచంల ఒక ముద్ద తక్కువ తిని ఆ లెక్కన పిడికెడు బియ్యం అమ్మను అడిగి తెచ్చి అందుల పోయాలె, నిండినంక మేమే మోసుకపోయి ఊళ్ళె దిక్కులేని ముసలోళ్ళకు ఇచ్చి రావాలె, ఎవరికి ఇచ్చినమో ఇంట్ల చెప్పొద్దు.

దీని మీద గొడవైంది. కింది వాడ నుంచి ఒక తల్లి వచ్చి "ఉన్నదే గంజి, పోరగాళ్ళ నోటికాడి ముద్ద గూడ గుంజుకుంటవా" అని గుడి ముందటనే అడిగింది. టీచరమ్మ వాదించలే. తలకాయ వంచుకొని విన్నది, మరుసటి ఆదివారం మా అందరి ముందట "నేను తప్పు చేసిన, ఆకలైన పిల్లను ముద్ద తీసి పెట్టమనొద్దు, అన్నం తక్కువున్న ఇంటి పిల్లలు రెండు కట్టెపుల్లలు ఏరుకొస్తే చాలు, బిందెడు నీళ్ళు తెస్తే చాలు" అని చెప్పింది. నేను ఇప్పుడు పిల్లలకు చెప్తున్న కాబట్టి ఆ మాట విలువ తెలుస్తున్నది. త్యాగం నేర్పాలె అని మనం తొందరపడి, ఎవరి దగ్గర ఏముందో చూడకుండ అందరి దగ్గర ఒకటే అడుగుతం. పెద్దోళ్ళు పిల్లల ముందట తప్పు ఒప్పుకునుడు గూడ నేను అంతకుముందు ఎప్పుడూ చూడలే, మా బాపు గాని మా సార్లు గాని ఎన్నడూ ఒప్పుకోలే.

1987 జనవరి 6న మమ్ములను డోర్నకల్ తీసుకపోయింది, ఎడ్లబండి మీద. మేం పధ్నాలుగు మందిమి, సద్ది మూటలు, చలికి గోనె సంచులు కప్పుకొని తెల్లారకముందే బయలుదేరినం. పెద్ద గుడి చూసుడు నాకు అదే మొదటిసారి. జ్ఞానులు బాలయేసును చూడ వచ్చిన పండుగ పేరు మీద ఎపిఫనీ కథెడ్రల్ అంటరు, 1939 జనవరి 6న ప్రతిష్ఠ చేసిన్రు. దాన్ని చూస్తే గుడి గోపురం లెక్క ఉంటది, మసీదు లెక్క ఉంటది, చర్చి లెక్క గూడ ఉంటది, రాతి స్తంభాలు చూసుకుంట నోరు తెరిచి నిలబడ్డం. ఆ గుడి కట్టించిన అజరయ్య గారి గురించి టీచరమ్మ అక్కడ మెట్ల మీద కూసోబెట్టి చెప్పింది, జనం ఆయనను తండ్రిగారు అని పిలుస్తుండ్రట. తమిళ దేశం తిరునెల్వేలి నుంచి 1909ల ఇక్కడికి వచ్చిండు, తెలుగు రాదు, నేర్చుకున్నడు, ఎడ్లబండి మీద ఊరూరు తిరిగిండు. "మనం వచ్చినట్టే" అని టీచరమ్మ అంటే మాకు మా బండి మీద గొప్పగ అనిపించింది. 1912 డిసెంబర్ 29న కలకత్తల బిషప్ అయిండు, ఆంగ్లికన్ సంఘంల మన దేశస్థుడు బిషప్ అయ్యుడు అదే మొదలు. ఈ ఏండ్లు తేదీలు నాకు పెద్దగైనంక చదివితే తెలిసినయి గాని, ఆమె చెప్పిన రెండు సంగతులు మాత్రం ఆ మెట్ల మీదనే నాటుకపోయినయి.

ఒకటి, బాప్తిస్మం తీసుకునేటప్పుడు ఆయన ప్రతి మనిషితోని నెత్తి మీద చెయ్యి పెట్టించి, నేను బాప్తిస్మం పొందిన క్రైస్తవుణ్ణి, సువార్త చెప్పకపోతే నాకు శ్రమ అని అనిపిస్తుండెనట. చదువు రాని కైకిలోళ్ళతోని గూడ. పాస్టరయ్యకు మాత్రమే కాదు పని, అందరికీ ఉంది అని. రెండోది, 1910ల స్కాట్లాండ్ దేశంల ఎడిన్‌బరోల పెద్ద మిషనరీ సభ అయితే, వెయ్యికి పైగ మంది, అందుల చాన మంది తెల్లోళ్ళే, వాళ్ళ ముందట ఈయన నిలబడి, మీరు బీదోళ్ళకు మీ ఆస్తులు ఇచ్చిన్రు, మీ శరీరాలు గూడ ఇచ్చిన్రు, మాకు ప్రేమ గూడ కావాలె, మాకు స్నేహితులను ఇవ్వండి అని అడిగిండు. టీచరమ్మ ఈ మాట చెప్పి కొంచెంసేపు ఏం మాట్లాడలే. తర్వాత "బియ్యం ఇచ్చి వస్తున్రు గదా మీరు, ఎవరి ఇంట్లనన్న కూసున్నరా?" అని అడిగింది. మేం ఎవరం కూసోలే. గడప బయట డబ్బా వంచి వచ్చేటోళ్ళం.

ఇగ తాత సంగతి. ఆయన రెండు చాపల మీదా కూసోకపోతుండె, గడప అవతల అరుగు మీద కూసుంటుండె. చెరువు కట్ట కింద ఒక గుడిసెల ఉంటుండె. చిన్న వయసుల కుష్టు వచ్చి ఇంటోళ్ళు వెళ్ళగొడితే డిచ్‌పల్లికి చేరిండట, అక్కడ ఏండ్లకేండ్లు ఉండి బాగై, అక్కను వెతుక్కుంట మా ఊరికొచ్చిండు, వచ్చేసరికి అక్క లేదు. చేతి వేళ్ళు వంకరపోయి ఉండె, కుడి కాలుకు రెండు వేళ్ళు లేకుండె. నల్లటి మెత్తటి రబ్బరు చెప్పులు వేసుకుంటుండె, మేకులు కొట్టనియి, వెనక పట్టీ ఉండేటియి, ఎం.సి.ఆర్. చెప్పులు అంటరు వాటిని. గుడిలకు అందరం చెప్పులు విడిచి పోతం గదా, ఆయన మాత్రం విడువకపోతుండె, విడిస్తే కాలుకు ఏం తగిలేది తెల్వది కాబట్టి, అందుకని బయటనే కూసుంటుండె. ఆయన అంటరానోడని మేం అనుకున్నం. ఆయనేమో చెప్పుల కాళ్ళతోని మందిరంలకు రావద్దని అనుకున్నడు.

టీచరమ్మ మాకు మంచిగ విప్పి చెప్పింది. రోగం ఎప్పుడో పోయింది, ఎవరికీ అంటదు. పోయిన స్పర్శ మాత్రం తిరిగి రాదు. "నొప్పి అంటే కాలికి దేవుడు పెట్టిన కాపలా కుక్క. మనకు ముల్లు గుచ్చితే మొరుగుతది. ఆయన కాలికి ఆ కుక్క లేదు, ముల్లు దిగినా నిప్పు కాలినా తెల్వది, పుండు పడి చీము పట్టి ఎముక దాక పోయినంక ఎవరన్న చూస్తేనే తెలుస్తది." డిచ్‌పల్లి సంగతులు గూడ అప్పుడే చెప్పింది, కెర్ డాక్టరమ్మ, ఆమె భర్త కలిసి 1915ల ఆ దవాఖాన మొదలువెట్టిన్రు, నర్సాగౌడ్ అని హిందూ పెద్దమనిషి డబ్బు ఇచ్చిండు, మందు సరిగ లేని ఆ కాలంల చాల్‌మోగ్రా నూనె సూదులు ఇచ్చుకుంట, రోగం కంటె ముందు మనుషుల భయాన్ని మాన్పాల్సి వచ్చింది అని. మేం కథ లెక్క విన్నం. తాత అరుగు మీద కూసొని వింటున్నడు అన్న ధ్యాస గూడ మాకు లేకపాయె.

ఆ ఏడు ఈస్టరుకు ముందటి శ్రమకాలంల, ఏప్రిల్ 16, పరిశుద్ధ గురువారం రాత్రి. మా దిక్కు మిరప ఏరుళ్ళు అయిపోవచ్చినయి, అందరి చేతులు మంటలు. కందీలు వెలుతురుల ఆరాధన. ఆ రాత్రి వాక్యం చెప్పాల్సింది నేను, యోహాను 13వ అధ్యాయం ఒకటి నుంచి పదిహేడు దాక, యేసయ్య భోజనం దగ్గర నుంచి లేచి పైవస్త్రం తీసి నడుముకు తువ్వాల కట్టుకొని శిష్యుల పాదాలు కడిగినది. ఒక్క తప్పు లేకుండ చెప్పిన, పెద్దోళ్ళు గూడ తలలు ఊపిన్రు. అప్పుడు టీచరమ్మ చీర కొంగు బిగించి నడుముకు తువ్వాల కట్టుకున్నది. సత్తు బేసిన్ తెచ్చి పెట్టింది. నీళ్ళు కింది వాడ చేతిపంపువి, నాతోనే తెప్పించింది పొద్దుమీకి. పధ్నాలుగు మంది పిల్లల కాళ్ళు వరుసగ కడిగి తుడిచింది, మోకాళ్ళ మీద జరుగుకుంట, యాభై దాటిన మనిషి. నా కాలు పట్టుకున్నప్పుడు ఆమె చేతులు ఎంత గరుకుగ ఉన్నయో నాకు ఇప్పటికీ గుర్తుంది, మడమ వెనక మట్టి బొటనవేలితోని రుద్ది తీసింది, మా అవ్వ తప్ప నన్ను అట్ల ఎవరూ కడగలే.

తర్వాత మమ్ములను జతలు చేసింది, ఈ వాడ పిల్లగాడు ఒకడు ఆ వాడ పిల్లగాడు ఒకడు, ఆడపిల్లలు గూడ అట్లనే. నా జత కింది వాడోడు, బడిల నా పక్క తరగతి. చాపల మీద గుసగుసలు మొదలైనయి, మా పెదబాపు దగ్గిండు, కాని మా చేతులు అప్పటికే నీళ్ళల్ల ఉన్నయి. వాడు నా కాళ్ళు కడిగిండు, నేను వాని కాళ్ళు కడిగిన, వాని అరికాలు పగుళ్ళల్ల మిరపచేను మట్టి.

అదంతా అయినంక ఆమె గడప దిక్కు చూసి "తాతకు ఎవరు కడుగుతరు?" అన్నది.

ఎవరూ లేవలే. ఆమె నా దిక్కు ప్రత్యేకంగ ఏం చూడలే, కాని పదిహేడు వచనాలు అప్పుడే ఒప్పజెప్పిన నోరు నాది. నేను కందీలు వత్తి పెంచుతున్నట్టు అటు తిరిగిన. వత్తికి ఏం కాలేదు, మంచిగనే వెలుగుతున్నది.

ఆమె బేసిన్ తీసుకొని తనే బయటికి పోయింది. తాత కాళ్ళు వెనక్కి గుంజుకున్నడు, "వద్దు తల్లీ, నీతోని కడిగించుకునుడా, పాపం తగుల్తది" అంటున్నడు. "పేతురు గూడ గట్లనే అన్నడు తాతా, నాకు భాగం లేకుండ చేయకు" అన్నది. చెప్పు పట్టీ విప్పింది. కుడి కాలు ఎత్తి చూసి ఆగింది. కందీలు తెమ్మన్నది, నేనే పట్టుకపోయిన. మడమల ఒక తుమ్మ ముల్లు, చెప్పు దాటి లోపలికి దిగి విరిగి ఉన్నది, చుట్టూ నల్లగ అయింది, అది ఇయ్యాళటిది కాదు. ఆమె పిన్నీసు తోని తీస్తుంటే నెత్తురు, చీము కారుతుంటే, తాత నా దిక్కు చూసి "వాక్యం మస్తు చెప్పినవురా మనుమడా, గుక్క తిప్పుకోకుండ చెప్పినవు" అని నవ్వుతున్నడు. ఆయనకు ఏం తెల్వలే. ఆ ముల్లు దిగిన కాలుతోని ఆయన చెరువు కట్ట నుంచి నడిచొచ్చి నేను చెప్పే వాక్యం విని సంతోషపడ్డడు.

ఆ రాత్రి అన్నం ముట్టలే నేను. టీచరమ్మ నన్ను ఒక్క మాట అనలే, తర్వాత గూడ ఎన్నడూ అనలే. అంటే బాగుండు అనిపించింది. శనివారం మాపున ఇంట్ల చెప్పకుండ ఒక బిందెల నీళ్ళు మోసుకొని చెరువు కట్ట కిందికి పోయిన. "ఎవరు పంపిన్రు బిడ్డా?" అన్నడు. ఎవరూ పంపలే అన్న. చాపేసి కూసోమన్నడు. కూసున్న.

కాలు చూసుకునుడు ఎట్లనో టీచరమ్మ నేర్పింది, అది గూడ ఒక చదువే. చల్ల నీళ్ళల్ల ఇరవై నిమిషాలు నాననియ్యాలె, వేడి నీళ్ళు పొయ్యొద్దు, కాలినా తెల్వది గదా. నానిన తర్వాత గట్టిపడ్డ తోలును గరుకు రాయితోని మెల్లగ రుద్దాలె, చెమట పట్టని కాలు కాబట్టి ఎండి పగులుతది, అందుకని తడి ఉండంగనే నూనె రాయాలె, వేళ్ళ సందులు విప్పి చూడాలె, ఎర్రగ ఉన్నదా వేడిగ ఉన్నదా ముట్టి చూడాలె, చెప్పులు దులిపి లోపల చెయ్యి పెట్టి రాయి ఉన్నదేమో చూడాలె. వాసన వస్తుండె మొదట్ల, అబద్ధం చెప్పను, రెండు మూడుసార్లు బయటికొచ్చి ఊపిరి పీల్చుకొని పోయిన. తర్వాత వాసన పోయిందో నాకు అలవాటైందో, పుండు మానింది అనుకుంట. నా జత పిల్లగాడు గూడ రాబట్టిండు. వాడు ఎడమ కాలు, నేను కుడి కాలు. "నా కాళ్ళకు కండ్లు మీరే రా" అంటుండె తాత. డిచ్‌పల్లి కథలు చెప్తుండె, గింజలు వేయించి పెడుతుండె, ఆయన గుడిసెలనే నేను నా జతగాడు ఒకటే ముంతల నీళ్ళు తాగినం మొదటిసారి.

మా అవ్వకు తెలిసి, నెత్తి మీద నీళ్ళు పోసుకుంటె గాని ఇంట్లకు రావద్దన్నది. వారం వారం బాయి దగ్గర తానం చేసే పోయిన. ఆమెను నేను తప్పు పట్టను, ఆమెకు ఎవరు చెప్పిన్రు గనుక.

పెద్దోళ్ళు మాత్రం ఊకోలే. పిల్లల కాళ్ళు ఒకరివొకరు పట్టించింది, రేపు పెండ్లిళ్ళు గూడ చేస్తదా అని మా వాడ పెద్దమనిషి ఒకాయన పాస్టరయ్యకు చెప్పిండు, నాలుగైదు ఇండ్లోళ్ళు గుడికి రావుడు మానేసిన్రు. టీచరమ్మ ఎవరి ఇంటికీ పంచాయితీకి పోలే. జూన్ల ఒక శనివారం మమ్ములను పిలిచి రెండు చాపలు బయట ఎండల వేయించి, దులిపించి, దబ్బనం తీసుకొని గోనె దారంతోని రెండింటి అంచులు కలిపి కుట్టింది. మేం దారం అందించినం. ఆడపిల్లలు పట్టుకుంటే ఆమె కుట్టింది, ఈతాకు గీసుకొని వేళ్ళకు నెత్తురొచ్చింది. పొద్దుమీకేవరకు ఒకటే చాప అయింది, నడుమ జానెడు వెడల్పు కుట్టు.

ఆదివారం వచ్చినోళ్ళు చూసి చాప మీద కూసోలే. ఇటోళ్ళు ఇటు గోడకు, అటోళ్ళు అటు గోడకు, మట్టి నేల మీద. చాప మీద మేం పిల్లలమే పధ్నాలుగు మందిమి, ముందట టీచరమ్మ. మూడు వారాలు అట్లనే నడిచింది. నాలుగో వారం ముసురు పట్టి గూన పెంకల నుంచి కురిసి నేలంత బురద. మొదలు కింది వాడ ముసలవ్వ ఒకామె, మోకాళ్ళ నొప్పులు, "నేను కూసుంటనే తల్లీ" అని వచ్చి చాప మీద కూసున్నది. తర్వాత మా అమ్మ. ఇగ ఒక్కొక్కరు. మా అవ్వ అందరికంటె చివరికొచ్చింది, ఆ కుట్టు మీదనే జాగ దొరికింది ఆమెకు. టీచరమ్మ బయటికి పోయి తాతను చెప్పులతోని లోపలికి తీసుకొచ్చింది, ఆయన చెప్పుల కింద తన తువ్వాల పరిచింది.

తాత 1994ల పోయిండు, పాడె రెండు వాడలోళ్ళు మోసిన్రు. టీచరమ్మ 2003ల. చాప ఎప్పుడో చివికిపోయింది, ఇప్పుడు ఆ గుడికి సిమెంటు స్లాబు, ప్లాస్టిక్ కుర్చీలు. నా జతగాడు రైల్వేల చేస్తడు, కాజీపేటల ఉంటడు, నెలకొక్కసారన్న కలుస్తం, మా పిల్లలు వాన్ని పెదనాన్న అని పిలుస్తరు.

నేను హన్మకొండల ఉండబట్టి ఇరవై ఏండ్లు దాటింది, మా గుళ్ళో సండే స్కూల్ చెప్తున్న. ఇక్కడ పిల్లలు తెలివైనోళ్ళు, టీవీ మీద బొమ్మలతోని పాఠం చెప్తే ఒక్కసారికే పట్టుకుంటరు, శిష్యత్వం అంటే ఏంది అని అడిగితే నాకంటె మంచి జవాబు చెప్తరు. పరిశుద్ధ గురువారం నాడు స్టేజీ మీద పాదాలు కడిగే స్కిట్ వేస్తరు, పొద్దున్నే ఇంట్ల సబ్బుతోని కడుక్కొచ్చిన కాళ్ళకు మళ్ళ నీళ్ళు పోస్తరు, అందరూ ఫోన్లల్ల వీడియో తీస్తరు. పిల్లల మీద నాకు కోపం లేదు, వాళ్ళు మనం చెప్పినట్టే చేస్తరు. కాని మురికి కాలు ముట్టకుండ ఆ అధ్యాయం పిల్లలకు ఎట్ల అర్థమైతదో నాకు తెల్వదు, నాకైతే పదిహేడు వచనాలు నోటికొచ్చి గూడ అర్థం కాలే.

అందుకని ఆరేడేండ్ల నుంచి ఒక పని చేస్తున్న. శనివారం శనివారం ఇద్దరు పిల్లలను తీసుకొని మా సంఘంల ఒంటరిగ ఉండే పెద్దోళ్ళ ఇంటికి పోతం. ఫోన్ తీసుకురావద్దు, ఫోటో దిగొద్దు. నీళ్ళు పట్టుడు, గోర్లు తీసుడు, మందుల డబ్బాల గోళీలు సర్దుడు, ఇంకేం లేకపోతే కూసొని ముచ్చట పెట్టుడు. కొందరు తల్లిదండ్రులు పరీక్షలున్నయి సార్ అంటరు, సరే అంట, బలవంతం చేయను, కట్టెపుల్లల సంగతి నాకు గుర్తుంటది. కొందరు మొదటిసారి ముక్కు మూసుకుంటరు. నేను ఏం అనను.

షుగర్ ఉన్న పెద్దోళ్ళు ఎక్కువైన్రు గదా ఇప్పుడు, ఏండ్లకేండ్లు షుగర్ ఉంటే కాళ్ళల్ల స్పర్శ పోతది, కుష్టు కాదు గాని కాలు సంగతి మాత్రం అదే, కాపలా కుక్క ఉండదు. మా దగ్గర ఒక రిటైరైన పెద్దాయన ఉన్నడు, కొడుకులు అమెరికాల ఉంటరు. పోయిన నెల ఆయన ఇంటికి ఒక తొమ్మిదేండ్ల పిల్లగాన్ని తీసుకపోయిన. వానికి అదే మొదటిసారి, టబ్‌ల నీళ్ళు పోసి ఆయన కాళ్ళు పెట్టించి, నానినంక తుడిచి చూడమన్న. వాడు ఒక చేత్తోని పట్టుకొని దూరం నుంచే చూస్తున్నడు. కొంచెంసేపటికి "అంకుల్, ఇక్కడ ఏదో మెరుస్తున్నది" అన్నడు. బొటనవేలి కింద చిన్న గాజు పెంకు. ఆయనను అడిగితే మొన్న గ్లాసు పగిలింది, ఊడ్చిన గదా అన్నడు. నేను పిన్నీసు తీస్తుంటే వాడు ఆయన మొహం దిక్కు, కాలు దిక్కు మార్చి మార్చి చూస్తున్నడు.

"నొప్పి లేదా తాతా?"

"లేదురా నాన్నా. తెల్వనే తెల్వలే."

వాడు ఏం మాట్లాడలే. నేను పెంకు తీసి దూది పెట్టి పట్టీ వేసిన. వాడు జరిగి దగ్గరికొచ్చి, బాసింపట్టు వేసుకొని కూసొని, తువ్వాల తన ఒళ్ళో పరుచుకొని "ఆ కాలు గూడ ఇటు పెట్టు తాతా" అన్నడు.